పాత మారుతి 800 ఇగ్నిషన్ లాక్ అరిగిపోయింది, ఏది మార్చాలి?

చీమకుర్తి_డ్యూటీ:

అందరికీ నమస్తే. మాది 1999 మారుతి 800, కార్బురేటర్ బండి, ఏపీ 27 నంబరు. నాన్న కొన్నది, మొన్నమొన్నటిదాకా ఆయనే నడిపారు. ఇప్పుడు నేను రోజూ ఒంగోలు నుంచి చీమకుర్తి క్వారీ దగ్గరికి డ్యూటీకి దాంట్లోనే పోతున్నా. ఇంజన్‌కి ఏ రోగమూ లేదు, పేచీ అంతా తాళంతోనే. తాళంచెవి లోపలికి పోతుంది గానీ తిరగదు. కొంచెం బయటికి లాగి, పైకి ఎత్తి పట్టి, స్టీరింగ్ అటూ ఇటూ ఊపితే ఎప్పటికో తిరుగుతుంది. పొద్దున్నే ఇదొక టెన్షన్. ఒక్కోసారి సెల్ఫ్ కొట్టి చెయ్యి వదిలేస్తే తాళం వెనక్కి రాదు, సెల్ఫ్ మోటార్ గరగరమంటూ తిరుగుతూనే ఉంటుంది, మనమే వేలితో వెనక్కి తిప్పాలి.

ఇది చాలదన్నట్టు ఈమధ్య ఇంకోటి మొదలైంది. సంతనూతలపాడు దాటాక గతుకుల్లో డాష్‌బోర్డు లైట్లన్నీ ఒక్కసారిగా ఆరి వెలుగుతున్నాయి, ఇంజన్ ఒక్క క్షణం తడబడి మళ్ళీ అందుకుంటోంది. వెనకాల గ్రానైట్ దిమ్మెలేసుకొచ్చే లారీ ఉంటే ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి.

కర్నూలు రోడ్డులో ఒక షెడ్డులో చూపిస్తే సెట్టు మొత్తం మార్చాలి, డోర్లూ డిక్కీ తాళాలతో సహా, స్టీరింగ్ కింద బోల్టులు పగలగొట్టాలి, మూడున్నర వేలు అన్నాడు. ఇంకోచోట రెండు స్విచ్చులు పెట్టి డైరెక్ట్ చేసేస్తా, తాళమే అక్కర్లేదన్నాడు. మూడో ఆయన కొబ్బరినూనె పొయ్యమన్నాడు, ఆ సేవ నాన్న ఎన్నో ఏళ్ళుగా చేస్తూనే ఉన్నారు. వీళ్ళలో ఎవరి మాట వినాలి? ప్లగ్గులు, ఫిల్టర్లు, కార్బురేటర్ క్లీనింగ్ నేనే చేసుకుంటా. ఇది ఇంటి దగ్గర అయ్యే పనేనా?

కావలి_పాతచెయ్యి:

నాయనా, ముందు ఏదీ కొనబాక. నువ్వు ఇగ్నిషన్ లాక్ అంటున్నది ఒక సామాను కాదు, మూడు. తాళంచెవి దూరేది బ్యారెల్. దాని వెనకాల కరెంటు కలిపే స్విచ్ వేరే ఉంటుంది, ప్లాస్టిక్‌ది, వైర్ల కప్లర్ దాన్నుంచే వస్తుంది. ఈ రెండిటినీ మోస్తూ స్టీరింగ్ కాలమ్‌కి బిగించి ఉండే బాడీ మూడోది, తాళం తీసేస్తే స్టీరింగ్‌ను పట్టేసే మేకు అందులోనే ఉంటుంది. నువ్వు చెప్పిన లక్షణాల్లో తిరక్కపోవడం, వెనక్కి రాకపోవడం బ్యారెల్ వైపు పోతుంటే, గతుకుల్లో లైట్లు ఆరడం స్విచ్ వైపు పోతోంది. ఒకదానికి పెట్టిన ఖర్చు రెండోదాన్ని బాగుచెయ్యదు.

బ్యారెల్ సంగతి చెప్తా విను. లోపల వరసగా పల్చటి ఇత్తడి పలకలు, ఒక్కోదానికి ఒక చిన్న స్ప్రింగు. సరైన తాళంచెవి దూరితే దాని పళ్ళను బట్టి ప్రతి పలకా సరిగ్గా బ్యారెల్ అంచుతో సమానంగా సర్దుకుంటుంది, అప్పుడే అది తిరుగుతుంది. తాళంచెవి పళ్ళు అరిగితే పలక రవ్వంత కిందనే ఆగిపోతుంది. నువ్వు బయటికి లాగి పైకి ఎత్తి పడుతున్నావే, ఆ అరిగిన రవ్వంతను చేత్తో పూడుస్తున్నావన్నమాట. చీమకుర్తి అన్నావు కాబట్టి సగం జవాబు అక్కడే దొరికింది. గెలాక్సీ గ్రానైట్ కోసేచోట లేచే రాతిపొడి ఇత్తడి కంటే చాలా గట్టిది, దానికి మీ నాన్నగారి కొబ్బరినూనె తోడైతే వాల్వులు రుద్దే గ్రైండింగ్ పేస్టు తయారైనట్టే. తాళంచెవి తీసి తెల్లగుడ్డతో తుడిచి చూడు, నల్లటి జిడ్డులో పసుప్పచ్చ మెరుపు కనిపిస్తే అది నీ పలకల పొడే.

ఇప్పుడు పరీక్షలు. బీరువాలో కంపెనీ వాళ్ళిచ్చిన రెండో తాళంచెవి ఉందా? ఉంటే అది పెట్టి తిప్పు. అది సాఫీగా తిరిగితే నీ రోగంలో పెద్ద భాగం తాళంచెవిదే. రెండూ పక్కపక్కన పెట్టి వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే పళ్ళ మొనలు ఎంత గుండ్రబడ్డాయో కంటికే తెలుస్తుంది. తర్వాత ఇంజన్ నడుస్తుండగా, బండి నిలబడే ఉండాలి సుమా, ఆన్‌లో ఉన్న తాళంచెవిని మెల్లగా బయటికి లాగు. వచ్చేసిందంటే పలకల పని అయిపోయినట్టే. ఆన్‌లో ఉన్నప్పుడు తాళంచెవి రాకూడదు. మూడోది, ఆన్‌లో పెట్టి వైపర్ వేసి, తాళంచెవిని తిప్పకుండా పక్కలకి కొంచెం కదిలించు. వైపర్ ఆగి ఆగి నడిచినా, లైట్లు మిణుకుమన్నా స్విచ్ లోపలి రాగి బిళ్ళలు కాలిపోయి ఉంటాయి. అట్లాగే బ్యాటరీ టెర్మినళ్ళు వదులుగా ఉన్నాయేమో కూడా చూసుకో. గతుకుల్లో లైట్లు ఆరడానికి అది కూడా కారణం అవుతుంది, పానా పెట్టి రెండు తిప్పులు తిప్పితే పోయేదానికి వేలు పోయడమెందుకు.

ఇంకోమాట. ముందు చక్రం గట్టుకు ఆని గానీ, స్టీరింగ్ తిప్పేసి గానీ బండి ఆపితే మేకు మీద బరువు పడి తాళం తిరగదు. అది జబ్బు కాదు, కొత్త బండిలోనూ అంతే. స్టీరింగ్‌ను ఒకవైపు లాగిపట్టి తిప్పితే వచ్చేస్తుంది.

ఈ లోపల అరిగిన తాళంచెవికి డూప్లికేట్ మాత్రం కొట్టించబాక. మిషన్‌కు తెలివి ఉండదు, అరుగుదలని కూడా అచ్చం అట్లాగే కోస్తుంది.

దర్శి_స్పీడ్:

అన్నా ఇంత కథ ఎందుకు, బటన్ పెట్టించెయ్. నా బండికి ఒక టోగుల్ స్విచ్, ఒక పుష్ బటన్ పెట్టించా, అరగంట పని. తాళం పారేసుకునే బాధ కూడా లేదు. ఫ్రెండ్స్ అందరూ పుష్ స్టార్ట్ బండి అనుకుంటున్నారు.

సర్వేయర్_నెల్లూరు:

దర్శి తమ్ముడూ, ఫ్రెండ్స్ అనుకునేది సరే, దొంగ ఏమనుకుంటాడో కూడా ఆలోచించు. బండి పోయాక క్లెయిమ్‌కి వెళ్తే ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట అడిగేది రెండు ఒరిజినల్ తాళాలూ తెమ్మని. బటన్ నొక్కితే స్టార్టయ్యే పాత బండికి నువ్వు ఏ తాళం చూపిస్తావు? బండిని జాగ్రత్తగా పెట్టలేదని వాళ్ళు రాయడానికి కాగితం కూడా ఎక్కువ పట్టదు.

రెండోది అంతకంటే పెద్దది. ఈ డైరెక్ట్ పనుల్లో నేను చూసినవాటిలో చాలావాటికి ఫ్యూజు ఉండదు. బ్యాటరీ నుంచి లావు వైరు తెచ్చి డాష్‌బోర్డు కింద టేపు చుట్టి వదిలేస్తారు. ఆ టేపు ఎండకి జారిపోయి వైరు ఇనుముకి తగిలిన రోజు పొగ ముందు లోపలే వస్తుంది. ఇంకా స్టీరింగ్ మేకును తియ్యకుండా బటన్ పెట్టినవాళ్ళూ ఉన్నారు. పాత బ్యారెల్ అరిగిపోయి, నడుస్తుండగా లాక్ వైపు జారితే మలుపులో స్టీరింగ్ పట్టేస్తుంది.

స్విచ్ జారిపోవడం అంటే ఏదో చిన్న విషయం అనుకునేవాళ్ళ కోసం ఇది కూడా చెప్తా. అమెరికా కంపెనీ జనరల్ మోటార్స్ 2014లో సుమారు 26 లక్షల కార్లు వెనక్కి పిలిచింది, కారణం ఇదే సామాను. స్విచ్ లోపల పట్టు చాలక, బరువైన గుత్తి వేలాడినా గతుకు తగిలినా ఆన్‌లో ఉన్న తాళం ఏసీసీకి (ఇంజన్ నడవకుండా రేడియోలాంటివి మాత్రమే పనిచేసే స్థానం) జారిపోయేది, ఇంజన్ ఆగిపోయేది, ఆ దెబ్బతో ఎయిర్‌బ్యాగులూ విచ్చుకునేవి కావు. 124 మరణాలకు కంపెనీ పెట్టిన నిధి నుంచి పరిహారం ఇచ్చారు. మన పాత 800లో ఎయిర్‌బ్యాగు లేదు సరే, కానీ హైవే మీద ఇంజన్ ఆగిపోవడం అందరికీ ఒకటే. చీమకుర్తి బ్రదర్, లాక్ మార్చేదాకా ఆ గుత్తిలో ఇంటి తాళాలు, బీరువా తాళాలు, వెంకన్న బిళ్ళ ఉంటే అన్నీ తీసేసి ఒక్క కారు తాళమే పెట్టుకోండి.

చీమకుర్తి_డ్యూటీ:

పాతచెయ్యి గారూ, మీరు చెప్పినట్టే చూశా. రెండో తాళంచెవి అమ్మ బీరువాలో ఉంది, దాంతోపాటు చిన్న రేకు బిళ్ళ మీద ఒక నంబరు కూడా. కొత్త తాళంచెవితో దాదాపు సాఫీగా తిరుగుతోంది, కానీ ఇంజన్ నడుస్తుండగా లాగితే అది కూడా వచ్చేసింది! వైపర్ పరీక్షలో కూడా ఫెయిల్, తాళంచెవి పక్కకి నెడితే వైపర్ సగంలో ఆగిపోతోంది. టెర్మినళ్ళు గట్టిగానే ఉన్నాయి. గుడ్డ తుడిస్తే మీరన్న పసుప్పచ్చ పొడి నిజంగానే కనిపించింది, నాన్నకి చూపిస్తే ఏమీ మాట్లాడకుండా టీవీ వైపు తిరిగారు.

అంటే మొత్తం మార్చక తప్పదా? ఆ పగలగొట్టే బోల్టుల సంగతేంది? సర్వేయర్ గారూ, గుత్తి తీసేశా.

కావలి_పాతచెయ్యి:

ఆ నంబరే నీ తాళంచెవి జాతకం, దాన్ని ఫోటో తీసి పెట్టుకో. ఆ నంబరు ప్రకారం కోస్తే కొత్త బండి రోజున ఉన్న ఎత్తులతో తాళంచెవి వస్తుంది. బ్యారెల్ ఇంకా ప్రాణంతో ఉండి ఉంటే, నంబరు తాళంచెవి ఒకటి, కొత్త స్విచ్ ఒకటి వేసుకుని బోల్టుల జోలికి పోకుండా బయటపడమనేవాణ్ణి. కానీ ఆన్‌లో తాళంచెవి ఊడొచ్చిందంటున్నావు కాబట్టి ఇక దాన్ని నమ్మబాక. బ్యారెల్, స్విచ్, బాడీ కలిపి ఒకే అసెంబ్లీగా దొరుకుతుంది, అదే వేసెయ్. డోర్లూ డిక్కీ మార్చాల్సిన పనిలేదు.

800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది గానీ మన జిల్లాల్లో ఇంకా బోలెడు తిరుగుతున్నాయి, సామాను దొరకడం కష్టం కాదు. అయితే ఈ బండిలో ఏళ్ళు గడిచేకొద్దీ మార్పులు వచ్చాయి. ఉత్తినే 800కి లాక్ ఇమ్మంటే కౌంటర్ మీదివాడు ఏది చేతికందితే అది ఇస్తాడు. పాత కప్లర్ ఫోటో తీసుకునిపో, పిన్నులు లెక్కపెట్టుకో, పాత దాని పక్కన పెట్టి చూసుకున్నాకే డబ్బులివ్వు. కంపెనీ డబ్బాలోది, బయటిది రెండూ ఉంటాయి. బయటిదాంట్లో బ్యారెల్ పర్వాలేదు గానీ స్విచ్ బిళ్ళలు మరీ పల్చగా ఉంటాయి, నన్నడిగితే ఈ ఒక్క సామానులో పీనాసితనం వద్దు.

ఇక బోల్టులు. బాడీని కాలమ్‌కి పట్టి ఉంచేవి మామూలు బోల్టులు కావు, షియర్ బోల్టులంటారు. ఫ్యాక్టరీలో బిగించేటప్పుడు ఒక హద్దు దాటగానే తల టక్కున తెగిపోయి నున్నటి గుండు మిగులుతుంది. దొంగ పానా పెట్టి విప్పకుండా ఆ ఏర్పాటు. మనమూ విప్పలేం, అదే తిప్పలు.

బ్యాటరీ నెగెటివ్ తీసేసి మొదలుపెట్టు, ఇది మర్చిపోబాక, స్విచ్‌కి వచ్చే లావు వైరులో తాళం ఆఫ్‌లో ఉన్నా కరెంటు ఉంటుంది. చక్రాలు నేరుగా పెట్టుకో. కాలమ్ కింది ప్లాస్టిక్ కవరు స్క్రూలు విప్పితే అంతా కనిపిస్తుంది. చోటు చాలకపోతే డాష్‌బోర్డు కింద కాలమ్‌ను పట్టి ఉంచే బోల్టులు విప్పి కాలమ్‌ను కొంచెం కిందికి దించుకో, సీటు మీద గుడ్డ పరిచి దాని మీద ఆనించు. ఇప్పుడు ఆ గుండు మధ్యలో సెంటర్ పంచ్‌తో గట్టిగా ఒక చుక్క పెట్టు. ఈ చుక్క పక్కకి పడిందా, డ్రిల్ బిట్ జారిపోయి మెత్తటి అల్లాయ్ బాడీని తినేస్తుంది. ముందు సన్న బిట్, తర్వాత కొంచెం లావుది. రంధ్రం పడ్డాక ఎడమ మరల ఎక్స్‌ట్రాక్టర్ (మొండి బోల్టును లోపలినుంచి పట్టి తీసే పనిముట్టు) దూర్చి అపసవ్యంగా తిప్పితే మొండెం దానంతటది బయటికొస్తుంది. ఎక్స్‌ట్రాక్టర్ లేకపోతే సన్న ఉలిని గుండు అంచు మీద ఏటవాలుగా పెట్టి, విప్పే దిశలో చిన్న సుత్తితో తట్టు. చిన్న సుత్తి అన్నాను. కాలమ్ మీద సమ్మెట దెబ్బలు కొడితే లోపలి బుష్షులు పోయి, తాళం బాగైంది గానీ స్టీరింగ్ ఊగుతోందని ఇంకో ప్రశ్న వేస్తావు ఇక్కడ. ఇనపరజను వైర్లలో పడకుండా కింద పాతగుడ్డ కట్టు.

కొత్తది ఎక్కించేటప్పుడు అందరూ తొందరపడేది ఒక్కచోటే. బాడీ పెట్టారు, కొత్త షియర్ బోల్టుల తలలు తెంపేశారు, తర్వాత చూస్తే మేకు కాలమ్ గాడిలో సరిగ్గా కూర్చోలేదు. మళ్ళీ డ్రిల్లు. అట్లా కాకుండా ముందు మామూలు బిగువు బిగించి, తాళంచెవి తీసి స్టీరింగ్ తిప్పి లాక్ పడుతోందా చూడు, మళ్ళీ పెట్టి వదులుతోందా చూడు. బ్యాటరీ కలిపి ఏసీసీ, ఆన్, స్టార్ట్ అన్నీ చూడు, స్టార్ట్ నుంచి చెయ్యి వదిలితే దానంతటదే వెనక్కి రావాలి. అన్నీ కుదిరాక తలలు తెంపు. షెడ్డులో చేయిస్తే మామూలు బోల్టులు వేసేస్తానంటాడు, రేపు విప్పడానికి సుఖం అని. దొంగకీ అదే సుఖం.

కొత్త బ్యారెల్‌లో నూనె చుక్క కూడా వెయ్యబాక. గ్రాఫైట్ పొడి దొరికితే చిటికెడు ఊదు, దొరక్కపోతే పిల్లల 2బి పెన్సిల్ తాళంచెవి రెండువైపులా రుద్ది నాలుగుసార్లు పెట్టి తియ్యి. ఆ రోడ్డు మీద తిరిగేవాడివి, నెలకోసారి చెయ్యి.

ఆత్మకూరు_ఆల్టో:

ఈ చర్చ చదివి కొత్త బండ్లవాళ్ళు కూడా లాక్ విప్పేస్తారేమోనని రాస్తున్నా. 1999 కార్బురేటర్ బండికి ఏ గొడవా లేదు, కానీ తర్వాత వచ్చిన చాలా కార్లలో తాళంచెవి తలలో చిన్న చిప్ ఉంటుంది, ఇమ్మొబిలైజర్ అంటారు. లాక్ చుట్టూ ఒక రింగు యాంటెన్నా ఉంటుంది, అది ఆ చిప్‌ను గుర్తుపడితేనే కంప్యూటర్ ఇంజన్‌ను నడవనిస్తుంది. మా ఆల్టోకి బయట కొన్న లాక్, దాంతో వచ్చిన ఉత్త తాళంచెవి వేస్తే తాళం వెన్నలా తిరిగింది, సెల్ఫ్ కొట్టింది, బండి మాత్రం స్టార్ట్ కాలేదు, డాష్‌బోర్డులో లైటు టపటప కొట్టుకోవడమే. మెకానిక్ పెట్రోలు పంపు అనుమానించాడు పాపం. పాత తాళంచెవిని రింగుకు ఆనించి పట్టుకుని కొట్టి చూస్తే వెంటనే అందుకుంది. తర్వాత పాత చిప్‌ను జాగ్రత్తగా తీసి కొత్త తాళంచెవి తలలో పెట్టించా, కోడింగ్ ఖర్చు తప్పింది. లాక్ మార్చేటప్పుడు ఆ రింగును కూడా పాతదే ఎక్కించాలి, దాని వైరు చాలా సన్నం, లాగితే తెగుతుంది. ఉన్న చిప్ తాళాలన్నీ పోయినవాళ్ళకు మాత్రం స్కానర్ ఉన్నచోటికి బండిని లాగించుకుపోవడమో, స్కానర్ ఉన్నవాణ్ణి పిలిపించుకోవడమో తప్ప వేరే దారి లేదు.

పొదిలి_ఎలక్ట్రీషియన్:

పాతచెయ్యి అన్నకి దండం, నేను చెప్పేది స్విచ్ గురించి మాత్రమే. పాత బండ్లలో సెల్ఫ్ సోలినాయిడ్‌కి (సెల్ఫ్ మోటార్‌కి కరెంటు కలిపే అయస్కాంతపు చుట్ట) పోయే కరెంటు నేరుగా ఈ స్విచ్ బిళ్ళల మీదనుంచే పోతుంది, సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ లోపల నిప్పురవ్వ లేస్తుంది, బిళ్ళలు నల్లబడేది అందుకే. కొత్త స్విచ్ వేసేటప్పుడే ఒక మామూలు నాలుగు కాళ్ళ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) పెట్టేస్తే దాని ఆయుష్షు బాగా పెరుగుతుంది. రిలే కాళ్ళ దగ్గర నంబర్లు రాసి ఉంటాయి: 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజుతో వైరు, 87 నుంచి సోలినాయిడ్‌కి, స్విచ్ నుంచి వచ్చే పాత స్టార్ట్ వైరు 86కి, 85 బాడీకి ఎర్త్. అంతే. ఇక స్విచ్ మోసేది రిలే చుట్ట కరెంటే, అది ఎంతో ఉండదు.

స్విచ్ నిజంగా పోయిందా లేదా అని అనుమానం ఉన్నవాళ్ళు మల్టీమీటర్ పెట్టండి. రిలే లేని బండిలో సెల్ఫ్ కొడుతుండగా స్విచ్‌కి కరెంటు వచ్చే కాలు మీద ఒక తీగ, స్టార్ట్ కాలు మీద ఇంకోటి. అర వోల్టు దాటి చూపిస్తే స్విచ్ తినేస్తున్నట్టు.

చీమకుర్తి_డ్యూటీ:

అందరికీ చాలా థ్యాంక్స్. అసెంబ్లీ ఆర్డర్ ఇచ్చా, రిలే కూడా తెచ్చుకున్నా. ఒక్క డౌటు మిగిలింది. లాక్ ఒక్కటే మారిస్తే ఇంజన్‌కి ఒక తాళంచెవి, డోర్లకి ఒకటి అవుతుంది కదా. నాన్నకి అది నచ్చడం లేదు, ఒకటే తాళం ఉండాలంటున్నారు. దానికి సెట్టు మొత్తం కొనడం తప్ప ఇంకేమన్నా దారి ఉందా?

కావలి_పాతచెయ్యి:

ఉంది. కొత్త బ్యారెల్‌ను బిగించకముందే, నీ బీరువా తాళంచెవితో కలిపి తాళాలు చేసేవాడి దగ్గరికి తీసుకుపో. పని తెలిసినవాడైతే బ్యారెల్ విప్పి, పలకలు వేరే వరసలో పేర్చి, అవసరమైన ఎత్తువి ఒకటో రెండో మార్చి, పాత తాళంచెవికే కొత్త బ్యారెల్ తిరిగేట్టు చేస్తాడు. అప్పుడు డోర్లు, డిక్కీ, ఇంజన్ అన్నిటికీ ఒకటే. ఆ రేకు బిళ్ళ నంబరుతో ఇంకో తాళంచెవి కోయించుకుంటే రోజూ వాడుకోవడానికి అది, బీరువాలోకి ఇది.

కాకపోతే పని జరిగేటప్పుడు పక్కనే స్టూలు వేసుకుని కూర్చో. పలకలు వరస మార్చే ఓపిక లేనివాళ్ళు ఆకురాయి తీసుకుని పైకి పొడుచుకొచ్చిన పలకల్ని అంచుకి సమానంగా అరగదీసేస్తారు. నీ తాళంచెవికి బ్రహ్మాండంగా తిరుగుతుంది, ఎవరి తాళంచెవికైనా అట్లాగే తిరుగుతుంది. పని అయిందనగానే డబ్బులు తియ్యబాక. వాడి దగ్గరే ఉండే వేరే కారు తాళంచెవి, ఒక సన్న స్క్రూడ్రైవర్ తీసుకుని నువ్వే తిప్పి చూడు. తిరిగిందంటే అక్కడే మళ్ళీ విప్పించు.